ఇరవై నాలుగు డిగ్రీల చోటు

అమీర్‌పేట,
22 ఏప్రిల్ 2024.

బుచ్చన్నకు,

సాయిలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం నలభై ఒక్క డిగ్రీల దగ్గర క్షేమంగా ఉన్నాం. కాకినాడలో నువ్వు ఎన్ని డిగ్రీల దగ్గర క్షేమంగా ఉన్నావో తెలియజేయగలవు. ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరావని మీ చెల్లెలు కుసుమకుమారి గారు చెప్పారు కాబట్టి నాకన్నా చల్లగానే ఉండి ఉంటావు.

నీ అడ్రసు కూడా ఆవిడే ఇచ్చారు. పంజాగుట్టలో వాళ్ళింటి ఏసీ సర్వీసుకు పోయినప్పుడు అడిగాను. మా అన్నయ్య మీ ఫోను ఎత్తట్లేదంటే ఏదో కారణం ఉండే ఉంటుంది కదండీ, నేనెలా ఇస్తాను, అన్నారు. నేను ఫిల్టర్ కడుగుతూ, అన్న మొక్క నా దగ్గరున్నదమ్మా, అది జర బాగలేదు, దాని ముచ్చట ఆయనకు చెప్పాలె, అన్నాను. ఆవిడ కాగితం తెచ్చి రాసిచ్చారు. అందుకని ఇది మొక్క గురించి రాస్తున్న ఉత్తరం అనుకో.

నా మాట నీకు తెలుసు, నా రాత తెలియదు. ఇరవై ఏళ్ళు షాపులో బిల్లులు, కార్డులు అన్నీ నువ్వే రాశావు. మాట్లాడినట్టు రాస్తే ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపిస్తావని భయం వేసి, పుస్తకంలో మాదిరిగా రాస్తున్నాను. మా ఆవిడ రుద్రమ్మ పక్కన కూర్చుని చూసి, ఎవరికి, కలెక్టర్‌కా, అని అడిగింది.

నువ్వు ఫిబ్రవరిలో స్పానర్ల సంచీ భుజాన వేసుకుని పోయినప్పుడు షాపు కిటికీలో ఒక సక్యులెంట్ మొక్కను వదిలేశావు. అరచేతిలో పట్టేంత కుండీ, అందులో రాతితో చెక్కిన గులాబీలాంటి దళసరి ఆకులు. చలికాలంలో వాటి అంచులు ఎర్రబడేవి. నువ్వు పొద్దున్నే షటర్ ఎత్తి ముందు దాని మొహం చూసి, తర్వాత నా మొహం చూసేవాడివి. నాకు అప్పట్లో దాని మీద కొంచెం అసూయగానే ఉండేది.

మార్చి అంతా నేను దాన్ని పట్టించుకోలేదు. చూస్తే ఆ పూలు గుర్తొచ్చేవి.

ఆ పూల మాట ఒక్కసారి రాసి వదిలేస్తాను. రవికాంత్ గారి పూల కోల్డ్ రూమ్ నువ్వు సాయంత్రం సర్వీసు చేసి, లోపల ఆర్కిడ్లు ఉన్నాయని పదమూడు డిగ్రీలకు పెట్టి, తలుపుకు కట్టిన కార్డులో రాసి సంతకం చేశావు. చెయ్యి పెట్టినవాడు సంతకం పెట్టాలన్నది మన షాపు తెరిచిన రోజు నువ్వు పెట్టిన కానూను. తెల్లారి తలుపు తీస్తే లోపల రెండు డిగ్రీలు ఉంది. పెళ్ళి మండపానికి పోవలసిన ఆర్కిడ్లన్నీ నల్లబడి వాలిపోయాయి. కార్డు మీద నీ సంతకం ఒక్కటే ఉంది. నేను పదమూడే పెట్టానండీ అని నువ్వు రెండుసార్లు అన్నావు. సంతకం మీదే కదండీ బుచ్చిబాబు గారూ, ఇంకెవరిని అడగమంటారు, అన్నారు రవికాంత్ గారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి పంజాగుట్ట పూలవాళ్ళందరికీ బుచ్చిబాబు చేతిపని నమ్మకూడదని తెలిసిపోయింది. చేతిమీద నమ్మకం పోయిన ఊళ్ళో ఇంక చెయ్యి పెట్టనని చెప్పి నువ్వు రైలెక్కావు.

ఇక మొక్క. ఈ నెల మొదట్లో ఒకరోజు కిటికీ దగ్గర నిలబడితే నా చొక్కాయే కాలింది. మనం ఊరందరికీ చల్లదనం చేసేవాళ్ళం, మన మొక్కకు ఉక్కపోతా అని రోషం వచ్చింది. వెనక గదిలో రిపేరుకు వచ్చిన ఏసీ బల్ల మీద నడుస్తుంటే, దాని ముందు పెట్టాను. పద్దెనిమిది. ఎంత చల్లగా ఉంటే అంత హాయి అనుకున్నాను. ఆ గదికి కిటికీ లేదన్నది నీకు తెలుసు. వారం తిరిగేసరికి అది మెడ చాచి తలుపు సందు వైపు చూడడం మొదలుపెట్టింది. పాపం అనిపించి ముందు గదిలోకి తెచ్చి, కూలర్ నిండా నీళ్ళు పోసి, గడ్డి తడిపి, దాని గాలికి ఎదురుగా పెట్టాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి కూలర్‌ను మించిన సుఖం ఏముంది. కానీ ఆ తేమ గాలికి కింది ఆకులు గాజుముక్కల్లా లోపలి నీళ్ళు కనిపించేట్టు అయ్యాయి. వేలు తగిలితే రెండు ఊడి చేతిలోకి వచ్చాయి.

బుచ్చన్నా, దీనికి ఎన్ని డిగ్రీలు కావాలి? అదొక్కటి రాయి, ఇంకేమీ రాయక్కర్లేదు. నువ్వు లేకపోయినా షాపు ఎట్లాగో నడుస్తోంది. ఇది కూడా పోతే నిన్ను అడగడానికి నా దగ్గర ఏమీ మిగలదు.

ఉంటాను.
నీ షాపులోనే ఉన్న,
సాయిలు.


అమీర్‌పేట,
21 మే 2024.

బుచ్చన్నకు,

ఎండలో కూడా ఆరోగ్యంగా ఉన్న సాయిలు నమస్కారాలు. నీ కార్డు అందింది. పోస్ట్‌మాన్ చేతిలో చూసి నీ రాత దూరం నుంచే గుర్తుపట్టాను. నీళ్ళు పోయకు, కూలర్ ముందు పెట్టకు, పగలు ఇరవై నాలుగు చాలు, రాత్రి ఇంకాస్త తగ్గినా మంచిదే, వెలుగు కావాలి, ఊడిన ఆకులు పారేయకు. పైన నమస్కారం లేదు, కింద సంతకం లేదు. ఆ ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. స్పానర్ల డబ్బా మూతకు కూడా సంతకం పెట్టే మనిషివి నువ్వు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఊడిన రెండు ఆకులను పొడి మట్టి మీద పెట్టాను. ఒక డిజిటల్ థర్మామీటర్ కూడా కొన్నాను. నవ్వకు. ఇన్నేళ్ళూ నా అరచెయ్యే నాకు మీటర్ అని, గాలి ముందు చెయ్యి పెట్టి డిగ్రీలు చెప్పేవాణ్ణి కదా. ఇప్పుడు పక్కన మీటర్ పెట్టి చూస్తే నా చెయ్యి మస్తు అబద్ధాలు ఆడుతోంది. ఎండలోంచి వచ్చి పెడితే ఇరవై తొమ్మిదిని ఇరవై నాలుగు అంటుంది. మొన్న ఐస్‌క్రీమ్ షాపు ఫ్రీజర్‌లో అరగంట పనిచేసి, అదే చెయ్యి ఒక ఫ్రిజ్‌లో పెట్టాను. మీటర్ పదమూడు చూపిస్తోంది. నా చేతికి మాత్రం ఉక్కగా తోచింది. ఆ రోజు ఇంక ఏ పనీ ఒప్పుకోలేదు.

ఇరవై నాలుగు డిగ్రీలు, వెలుగు. ఈ రెండూ ఒకేచోట కావాలి. వినడానికి ఎంత చిన్న కోరిక. స్కూటర్ ముందు బుట్టలో మొక్కను పెట్టుకుని, జేబులో మీటర్ వేసుకుని, సర్వీసుకు పోయిన ప్రతిచోటా వెతికాను. పంజాగుట్టలో నగల షాపు లోపల ఇరవై రెండు, కానీ అక్కడ వెలుగంతా బల్బులదే. షాపు బయట గొడుగు కింద చెప్పులు కుట్టే ఆయన దగ్గర ముప్పై తొమ్మిది, కావలసినంత వెలుగు. కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో ఇరవై మూడు, తెరలన్నీ దించేసి పిల్లలు కంప్యూటర్ల వెలుగులో కూర్చుని ఉంటారు. మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలిసే చోట పైన మంచి గాలి, ముప్పై మూడు. అక్కడ సెక్యూరిటీ అతను, ఏందన్నా గిది, చెట్టును రైలెక్కిస్తవా, అని అడిగాడు. దీనికి డిగ్రీలు చూస్తున్న తమ్మీ, అన్నాను. అతను కూడా వంగి మీటర్ చూసి, మనిషికే దొర్కుతలేదన్నా, అన్నాడు.

తిరిగి తిరిగి నాకు ఊరు వేరేగా కనిపించసాగింది. వీధుల పేర్లు మరిచిపోయి డిగ్రీలతో గుర్తుపెట్టుకుంటున్నాను. హాస్టళ్ళ సందు నలభై రెండు, ఎందుకంటే అన్ని గదుల ఏసీలూ తమ వేడిని ఆ సందులోకే కక్కుతాయి. నువ్వు మొదట్లో నాకు పని నేర్పుతూ ఒక మాట అన్నావు. చల్లదనం అనేది ఎవడూ తయారుచేయలేడు సాయిలూ, ఒకచోటి వేడి తీసి ఇంకోచోట పోయడమే మన పని, అన్నావు. అప్పుడు చెవికెక్కలేదు. ఇప్పుడు ఆ సందులో నడుస్తుంటే, లోపల దుప్పటి కప్పుకుని పడుకున్న పిల్లల వేడంతా నా వీపు మీద పడుతుంటే, ఆ మాటే వినిపిస్తోంది.

చివరికి చోటు దొరికింది. నువ్వు నమ్మవు, మన షాపు ఉన్న బిల్డింగులోనే. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్లు మలుపు తిరిగేచోట ఉత్తరం వైపు పాత కిటికీ ఉంది కదా, మనం ఎప్పుడూ ఆగని చోటు. ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం పాలలాగా వస్తుంది. మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్ తలుపు కింద వేలెడు సందు ఉంది. అందులోంచి వాళ్ళ చల్లగాలి మెట్ల మీదుగా మెల్లగా కిందికి జారి వచ్చి ఆ కిటికీ దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం రెండింటికి మీటర్ పెడితే ఇరవై ఐదు. సాయంత్రానికి ఇరవై నాలుగు. ఆ తలుపు సందు మూయించమని మేనేజర్ విజయేందర్ మనకు రెండేళ్ళుగా చెప్తున్నాడు, మనం రేపు మాపు అంటూ వచ్చాం. మన బద్ధకం ఇన్నాళ్ళకు ఒకరికి ఉపయోగపడింది.

అన్నం తిన్నాక రోజూ అక్కడ మెట్టు మీద కూర్చుంటున్నాను. పైనుంచి ఎవరో పాఠం చెప్పే గొంతు వినిపిస్తుంది గానీ మాటలు తెలియవు. పుస్తకాలు గుండెకు హత్తుకుని ఆడపిల్లలు పక్కనుంచి దిగిపోతారు, మొక్కకు తగలకుండా చున్నీ పట్టుకుంటారు. నాది నిద్రా కాదు, మెలకువా కాదు. ఈ ఎండల్లో మొక్క కూడా నిద్రపోతుందట, నర్సరీ బండి అతను చెప్పాడు, అందుకే పెరగడం లేదు. ఇద్దరం కలిసి కునుకుతాం. అప్పుడు ఏవేవో తోస్తాయి. మనం ఇరవై ఏళ్ళలో ఇళ్ళలోంచి, షాపుల్లోంచి తీసి బయట పోసిన వేడంతా ఎక్కడికి పోయి ఉంటుంది, ఎవరి మీద పడి ఉంటుంది అనిపిస్తుంది. నిన్న కునుకులో నువ్వు మెట్లెక్కి వస్తున్నావు, నీ వెనక మంచు పొగలాగా చల్లదనం వస్తోంది, నేను చెయ్యి చాచాను గానీ ఎన్ని డిగ్రీలో చెప్పలేకపోయాను. కళ్ళు తెరిస్తే విజయేందర్, అన్నా, దర్వాజ రిపేర్ ఎప్పుడు చేస్తవ్, అని అడుగుతున్నాడు. ఇంకో నెల ఆగు భాయ్, అన్నాను.

కుండీకి మన కార్డు ఒకటి దారంతో కట్టాను. తేదీ, చోటు, డిగ్రీలు, సంతకం. మొక్కను కదిలించినవాళ్ళు తప్పకుండా రాయాలి.

రవికాంత్ గారికి ఇప్పుడు పని లేదు. మూఢం కదా, ముహూర్తాలు లేవు. కోల్డ్ రూమ్ ఖాళీగా ఉందని విన్నాను. అటు వైపు పోలేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఐస్ పట్టుకున్న చేతులతో కళ్ళు తుడుచుకోకు.

మెట్ల మీద నుంచి,
సాయిలు.


బోరబండ,
30 జూన్ 2024, ఆదివారం.

బుచ్చన్నకు,

తడిసి చల్లబడిన ఊరి నుంచి సాయిలు, రుద్రమ్మ నమస్కారాలు చెప్తున్నారు. నీ రెండో కార్డు వచ్చింది. మెడ సాగిందా అని ఒక్క మాట. సాగింది. కానీ కిటికీ దగ్గర పెట్టాక కొత్తగా వచ్చిన ఆకులు దగ్గర దగ్గరగా, పొట్టిగా వస్తున్నాయి. మధ్యలో ఆ సాగిన మెడ మాత్రం అట్లాగే ఉంటుందట, అది చీకట్లో గడిపిన రోజులకు గుర్తు.

వానలు పడ్డాయి. ఇప్పుడు ఇరవై నాలుగు కోసం ఎక్కడా తిరగక్కర్లేదు, అదే ఊరి మీదకు వచ్చి కూర్చుంది. పొద్దున పెరట్లో ఇరవై ఐదు. అమీర్‌పేట సందుల్లో, నగల షాపులో, మెట్రో మెట్ల మీద, అంతటా ఒకటే డిగ్రీ. అందరి తలుపులూ ఒకేసారి తీసినట్టుగా ఉంది. తలుపు సందు కూడా మూసేశాను, విజయేందర్ టీ తాగించాడు. ఆ మెట్టు మీద కూర్చోవడం అలవాటై, మూసేసిన తర్వాత కూడా కాసేపు కూర్చుని వచ్చాను.

ఇంకో సంగతి. పొడి మట్టి మీద పెట్టిన రెండాకుల్లో ఒకటి ఎండిపోయింది. రెండోదాని మొదట్లోంచి దారం లాంటి గులాబీరంగు వేళ్ళు వచ్చాయి, వాటి పక్కన పెసరగింజంత మొక్క. చూడడానికి అద్దాలు పెట్టుకోవాలి. దానిక్కూడా అంతే దళసరి ఆకులు, అదే ఆకారం. నేను పాడుచేసిన ఆకులోంచే అది వచ్చింది.

ఈ ఆనందం చెప్పుకుందామనే కుండీని పోయిన ఆదివారం ఇంటికి తెచ్చాను. నేను కటింగ్ షాపుకు పోయినప్పుడు రుద్రమ్మ దాన్ని మిద్దె గోడ మీద పెట్టింది, నాలుగు చినుకులు తాగుతుందని. వాన ఆగిపోయి, మబ్బు విడిపోయి, ఎండ ఒక్కసారిగా కాసింది. నేను వచ్చేసరికి ఒక పక్క ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. కార్డు మీద ఏమీ రాసి లేదు. నాకు కోపం నషాళానికి అంటింది. చెయ్యి పెట్టినోళ్ళు సంతకం పెట్టాలె, గది మా షాపు కానూను, ఎవరు కదిలించిండ్రో తెల్వకపోతే ఎవరినని అడగాలె, అని అరిచాను.

రుద్రమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. పెన్ను తీసుకుని, కార్డు మీద తేదీ వేసి, మిద్దె గోడ అని రాసి, డిగ్రీలు తెల్వది అని కూడా రాసి, కింద సంతకం పెట్టింది. పెట్టిన, సూడు. నువ్వు సుత ఎప్పుడన్న పెట్టినవా, అని అడిగింది. ఊరికే అన్న మాట. ఆమెకు ఏమీ తెలియదు. అనేసి వంటింట్లోకి పోయింది.

మచ్చలు పోవట. కానీ మొక్కకు ప్రాణభయం లేదు, కాలిన ఆకులు ముసలివై రాలిపోతాయి, లోపలినుంచి కొత్తవి వస్తాయి. చలికాలానికి అంచులు ఎర్రబడతాయో లేదో చూడాలి. అందరం బాగానే ఉన్నాం. కుసుమకుమారి గారి ఇంటి ఏసీ కూడా బాగా నడుస్తోంది. ఇంతకన్నా రాయడానికి విశేషాలు లేవు.

నీ,
సాయిలు.

తా.క. ఉన్నాయి. ఉత్తరం మడిచి కవరులో పెట్టి, మళ్ళీ తీశాను.

ఆ సాయంత్రం నువ్వు కార్డు రాసి వెళ్ళిపోయిన గంటకు నేను రవికాంత్ గారి కోల్డ్ రూమ్‌కు పోయాను. గ్యాస్ కొలిచే గేజ్ అక్కడ మరిచిపోయావని, తెచ్చి షాపులో పెడదామని. అంతకుముందే ఐస్‌క్రీమ్ షాపులో ఫ్రీజర్ పని చేసి వచ్చాను. తలుపు తీసి లోపల చెయ్యి పెడితే ఉక్కగా అనిపించింది. బుచ్చన్న సరిగ్గా చూసుకోలేదు, పూలు వాడిపోతాయి అనుకున్నాను. నీ కార్డు నా కళ్ళ ముందే వేలాడుతోంది, పదమూడు అని నీ రాత. చదివాను. చదివి కూడా నా చేతినే నమ్మి, రెండుకు తిప్పాను. నీ తప్పు దిద్దానని కాస్త గర్వంగా కూడా ఉండింది. సంతకం పెట్టలేదు. పెన్ను లేక కాదు. నిన్ను కాపాడుతున్నాను, నీకు తెలియనవసరం లేదు అనుకున్నాను.

పొద్దున పూలు చూశాక కూడా చెప్పలేదు. రెండుసార్లు నువ్వు అన్నది నిజమని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ముందు భయం, తర్వాత సిగ్గు, నువ్వు రైలెక్కాక ఇంక చెప్పి ఏం లాభం అన్న సాకు. నా వేడి తీసి నీ మీద పోసి నేను చల్లగా కూర్చున్నాను. నాలుగు నెలలు కూర్చున్నాను.

నిన్న పంజాగుట్ట పోయాను. ఆ కార్డు ఇంకా తలుపుకే ఉంది. నీ సంతకం కింద, తర్వాత వచ్చిన కొత్త మెకానిక్ పెట్టిన మొదటి సంతకానికి పైన, సన్నటి సందు ఉంది. అందులో ఆ రోజు తేదీ వేసి, రెండు డిగ్రీలు అని రాసి, సాయిలు అని సంతకం పెట్టాను. రవికాంత్ గారిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. మరి ఆ రోజు పక్కనే ఉన్నారు కదండీ, అన్నారు. ఉన్నానండీ, అన్నాను. నన్ను కూర్చోమని అనలేదు. కార్డు మార్చవద్దని మాత్రం అడిగాను. శ్రావణంలో ముహూర్తాలు మొదలవుతాయి, పూలవాళ్ళందరూ ఆ తలుపు తీస్తారు, అందరూ చదువుతారు. ఇకమీదట పంజాగుట్టలో నమ్మకూడని చెయ్యి నాది.

నువ్వు రావాలని రాయడం లేదు, అంత మొహం నాకు లేదు. పెద్ద మొక్కను అట్టపెట్టెలో సర్ది కుసుమకుమారి గారికి ఇస్తున్నాను, వచ్చే వారం వాళ్ళు కాకినాడ వస్తున్నారట. పెసరగింజంతది నాకు వదిలెయ్యి. దాన్ని ఏ డిగ్రీల దగ్గర ఉంచాలో ఎప్పుడైనా రాయాలనిపిస్తే ఒక కార్డు రాయి. తిట్టినా సరే. కింద సంతకం మాత్రం పెట్టు.